ఇరవై నిమిషాల పెట్టె

మొన్న అస్కా అవతల ఒక ఆరోగ్య కేంద్రం నుంచి ఎవరో నర్సు ఫోన్ చేసింది. ఒడియాలో మాట్లాడింది. పాముకాటు పెట్టెలో స్ప్రింగు తెగిపోయిందట. పెట్టె చేసిచ్చిన మౌసాకి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదట. పెట్టె అడుగున అంటించిన చీటీ మీద రెండో నంబరు నాదట, అందుకని నాకు చేసిందట. చెరుకు కోతలు మొదలయ్యాయి సార్, పెట్టె లేకపోతే కష్టం అంది.

మౌసా పోయి మూడు నెలలైందని చెప్పాను.

“కేబే?” అంది. ఎప్పుడు అని. ఇప్పుడే చెప్పిన మాటను మళ్లీ చెప్పాను. అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఏడుస్తోందని కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆయన్ని ఎన్నిసార్లు చూశారమ్మా అని అడిగాను. రెండుసార్లు అంది. ఒకసారి పెట్టె ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఇంకోసారి దాన్ని బాగుచేయడానికి వచ్చినప్పుడు.

రెండుసార్లు చూసిన మనిషి కోసం ఆ అమ్మాయి ఏడుస్తోంది. పదిహేనేళ్లు పక్క గదిలో కూర్చున్న నాకు ఆయన పోయిన రోజు కూడా కన్నీళ్లు రాలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నేను పడింది అసూయ. చచ్చిపోయిన మనిషి మీద అసూయ. సిగ్గుచేటే. కానీ ఉన్నమాట అదే.

మా విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఒక పేజీ ఉంది. లైసెన్సుకు, పెట్టుబడికి సిద్ధంగా ఉన్న వైద్య ఆవిష్కరణలు అని పైన పెద్దక్షరాలు. ఆ పేజీ చూసుకోవడం నా పని. పేటెంటు విభాగానికి కన్వీనర్ని నేనే. అందులో ఏడో నంబరు నాది. సూది గుచ్చక్కర్లేకుండా, వేలికి తొడిగితే చాలు, ఒంట్లో రక్తం తక్కువుందో లేదో చెప్పే పట్టీ. పేటెంటు వచ్చింది. ఆ పత్రం బరంపురం లంజిపల్లిలో మా ఇంటి హాల్లో టీవీ పైన వేలాడుతోంది. పేజీలో నా పట్టీ ఎదురుగా ‘ప్రస్తుత స్థితి’ అనే గడి ఉంటుంది. అందులో ‘అందుబాటులో ఉంది’ అని రాసి ఉంటుంది. ఏటా ఆ పేజీని సరిచేస్తాను, ఏటా ఆ గడిని అలాగే వదిలేస్తాను. అందుబాటులో ఉండడం తప్ప నా పట్టీ ఇంతవరకూ ఏమీ చేయలేదు. అది పాడైందని నాకు ఒక్క ఫోను రాలేదు. పాడవ్వాలంటే ముందు ఎవరో ఒకరు వాడాలి కదా.

మౌసా పెట్టె ఆ పేజీలో లేదు. ఎందుకు లేదో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

ఆయన మా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్. నాకంటే పదేళ్లు పెద్ద. బరంపురం నేతవీధిలో పట్టు నేసే ఇల్లు వాళ్లది, తెలుగువాళ్లే. తండ్రి కాలం నుంచి ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నా, ఈయన మాత్రం ఎలాగో చదువుకుని ఉద్యోగంలోకి వచ్చాడు. మనిషి వచ్చాడు గాని చేతులు మగ్గం దగ్గరే ఉండిపోయాయి. ఏదైనా మాట్లాడే ముందు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, కనపడని పోగు ఏదో పేనుతున్నట్టు కాసేపు రాసేవాడు. ఆ తర్వాతే మాట. సెమినార్లో నేను ప్రశ్న అడిగినా అంతే, క్యాంటీన్‌లో టీ కావాలా అని అడిగినా అంతే.

ఇంకొకటి, ముడి. తెగిన పోగుని కలిపేందుకు నేతగాళ్లు వేసే చిన్న ముడి ఉంటుంది, వేలితో తడిమినా తగలదు. ఆయన ఆ ముడి వేయని వస్తువు మా విభాగంలో లేదు. టిఫిను డబ్బా గుడ్డకి, ఫైళ్లకి, సూక్ష్మదర్శిని మీద కప్పే బట్టకి, తెగిన చెప్పుకి. ముడి వేశాక రెండుసార్లు లాగి చూసేవాడు. ఒకసారి కాదు, మూడుసార్లు కాదు. ఆయన లేనప్పుడు నేనూ ఒకసారి ఒక ఫైలుకి అలా వేయబోయాను. ఊడిపోయింది. అటెండరు చూశాడు కూడా.

పిల్లలు ఆయన్ని మౌసా అనేవారు. ఒడియాలో పిన్నమ్మ భర్తని అలా పిలుస్తారు. ఒడియా పిల్లలు పిలుస్తున్నారంటే సరే. మన తెలుగు పిల్లలూ మౌసా అనే అనేవారు. పరీక్షలో తప్పినా, ఇంటి దగ్గర గొడవైనా పోయి ఆయన బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. నా గది తలుపు మీద ‘తట్టి లోపలికి రండి’ అని రాసి ఉంది. ఎవరూ తట్టేవారు కాదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకునేవాణ్ని. ఇవాళ అలా అన్నాడు, ఇలా చేశాడు, డైరెక్టరు గారు ఆయన బల్ల దగ్గర అరగంట నిలబడ్డారు, నా గది దాటుకుని వెళ్లిపోయారు. ఆవిడ ఒకరోజు కూర తరుగుతూ, “మీరు ఆయన్ని తిట్టుకున్నంతసేపు నన్ను పొగిడితే ఈపాటికి నేను పొంగిపోయి ఉందును,” అంది. తర్వాత తలెత్తి, “అంత కుళ్లు ఎందుకండీ మీకు?” అంది. కుళ్లు అనే మాట ఆవిడ నోటి నుంచి వచ్చాక నేను ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

పెట్టె సంగతి చెప్పాలి.

పాము కరిచిన మనిషిని తీసుకొస్తే ఆరోగ్య కేంద్రంలో మొదట చేసే పరీక్ష ఒకటుంది. చాలా పాతది, చాలా తేలిక. కాస్త రక్తం తీసి పొడిగా ఉన్న శుభ్రమైన గాజుగొట్టంలో పోస్తారు. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే రక్తానికి ఇంకా విషం సోకనట్టు. నీళ్లలా జారితే విషం రక్తంలో పని మొదలుపెట్టినట్టు, మందు వెంటనే ఎక్కించాలి. ఇంతే పరీక్ష. కానీ ఆ ఇరవై నిమిషాలే ఎవరివల్లా కాదు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది. తల్లి ఏడుస్తుంటుంది. ఐదు నిమిషాలకే ఎవరో ఒకరు ఏమైంది సిస్టర్ అంటారు, నర్సు గొట్టం ఎత్తి వంచి చూస్తుంది. పది నిమిషాలకి ఇంకోసారి. అలా కదిపితే పరీక్ష పాడైపోతుంది.

ఈయన చిక్కోలు జిల్లా సరిహద్దు దగ్గర బంధువుల ఊరికి వెళ్లినప్పుడు అది కళ్లారా చూశాడట. గొట్టాన్ని నాలుగుసార్లు వంచి చూశారట. ఆ మనిషి దక్కలేదు. తిరిగొచ్చి నెలరోజులు సాయంత్రాలు ఏవో చెక్కముక్కలు కోసుకుంటూ గడిపాడు. ఆ తర్వాత ఒక చెక్కపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పెట్టెలో గొట్టం పెట్టి తలుపు మూసి కీ ఇస్తే, ఇక ఎవరు గింజుకున్నా తలుపు తెరుచుకోదు. వంటింట్లో కోడిగుడ్డు ఉడకపెట్టేటప్పుడు పెట్టుకునే గంట ఉంటుందే, అందులోని స్ప్రింగే తలుపుని పట్టి ఉంచేది. ఇరవై నిమిషాలకి టింగుమంటుంది. లోపల గొట్టం పట్టుకున్న చెక్క తనంతట తానే నెమ్మదిగా ఒరుగుతుంది. ఆ ఒరగడం కోసం మగ్గానికి కట్టే బరువు ఒకటి వాడాడు. కుదుపు లేకుండా, ఎవరో పసిబిడ్డని పక్కకి తిప్పుతున్నంత మెల్లగా ఒరిగేది. ముందు అద్దం. అందరూ చూడొచ్చు, ఎవరూ తాకలేరు.

“రక్తానికి తొందర లేదు సారూ. తొందర మనదే,” అనేవాడు. ఎవరడిగినా అదే మాట. నాకు విని విని విసుగొచ్చేది.

మొదట్లో ఆ పెట్టె సరిగా పనిచేయలేదు. గడ్డకట్టాల్సిన రక్తం కట్టేది కాదు. ఒకరోజు నేను క్లాసుకి పరుగెడుతుంటే వరండాలో ఎదురుపడి అడిగాడు. “సారూ, మంచోడి రత్తమే, ఇరవై నిమసాలైనా నీల్లలాగే ఉంటంది. ఏటంటారు?” చేతిలో ప్లాస్టిక్ గొట్టం ఉంది. నేను ఆగను కూడా ఆగలేదు. “గాజుది వాడాలండీ. ప్లాస్టిక్‌లో రక్తం అంత తొందరగా గడ్డకట్టదు. ఇన్నేళ్లు ల్యాబులో ఉండి ఇది కూడా తెలీదా?” అనేసి పోయాను. పది అడుగులు వేశాక వెనక్కి చూస్తే అక్కడే నిలబడి వేళ్లు రాసుకుంటున్నాడు. చిన్నబుచ్చుకున్నాడనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త హాయిగానే అనిపించింది.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి పెట్టుబడిదారు వచ్చిన రోజు.

ఆ మనిషి వచ్చింది నా పట్టీ కోసం. ఆరు నెలలు ఉత్తరాలు రాసి రప్పించుకున్నాను. నలభై స్లైడులు చేశాను. కొత్త చొక్కా. పట్టీ ఆవిడ వేలికి తొడిగాను. అవును, ఆవిడే, ఒక ఆడమనిషి, చకచకా మాట్లాడేది, రెండు నిమిషాలకోసారి ఫోను చూసుకునేది. పట్టీ ఒక అంకె చూపించింది. గదిలో లైట్లు ఎక్కువ ఉండడం వల్ల ఆ అంకె నిలవకుండా మారుతూ వచ్చింది. పైకీ కిందికీ. లైట్లు ఆర్పమన్నాను. ఛార్జింగు అయిపోయింది.

డైరెక్టరు గారు మొహమాటపడి, ఈలోగా మా టెక్నీషియన్ చేసిందొకటి ఉంది చూడండి అని ఆవిణ్ని పక్క గదికి తీసుకెళ్లారు. నేను ఛార్జరు పట్టుకుని వెనకే వెళ్లాను.

ఆయన లేచి నిలబడ్డాడు. వేళ్లు రాసుకున్నాడు. ఏమీ వివరించలేదు. సిరంజితో తన చేతి నుంచే రక్తం తీసుకుని గొట్టంలో పోశాడు. ఎవరికి చూపించాలన్నా తన రక్తమే తీసేవాడు. అలాంటి రోజుల్లో మోచేతి మడతలో చిన్న దూది అంటించి ఉండేది. పెట్టెకి కీ ఇచ్చి, “కూకోండమ్మా. ఇరవై నిమసాలు,” అన్నాడు.

ఆవిడ కూర్చుంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. ఐదు నిమిషాలకి డైరెక్టరు గారు ఏదో మాట కలపబోతే చెయ్యెత్తి ఆగమంది. ఇరవై నిమిషాలు ఆవిడ ఆ అద్దంలోకి చూస్తూనే ఉంది. టింగుమని గొట్టం ఒరిగింది. రక్తం గడ్డకట్టి అడుగున అంటుకుని ఉంది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వి, మళ్లీ చేయమంది. ఆయన రెండో చేతి చొక్కా మడతపెట్టాడు.

ఆ సాయంత్రం నాకు జ్వరం వచ్చినట్టయింది. నలభై స్లైడుల్లో ఆవిడ చూసింది మూడు.

వెళ్లే ముందు డైరెక్టరు గారితో చెప్పింది, పేటెంటుకి దరఖాస్తు పెట్టండి, పెట్టిన వెంటనే లైసెన్సు మేమే తీసుకుంటాం, ఈ రాష్ట్రం, పక్క రాష్ట్రం అంతా పంచుతాం అని. డైరెక్టరు గారు నా వైపు తిరిగి, ఈ నెలలోనే పెట్టేయండి అన్నారు.

మర్నాడు ఆయన ఫారం నింపి తెచ్చాడు. బ్రౌన్ కవరు, చుట్టూ దారం, ఆ ముడి. నా బల్ల మీద పెట్టి కాసేపు నిలబడ్డాడు.

“సారూ, ఇది వొస్తే ఆ కాయితం మీద పేరుంటాది గదా?”

“ఉంటుంది.”

“మా అయ్య అరవై ఏళ్లు నేసినాడండి. ఎన్ని సీరలో లెక్కలేదు. పెల్లిల్లకి ఎల్లినాయి, గుడికెల్లినాయి. ఒక్క సీర మీదైనా పేరు లేదు. కాయితం మగ్గం గది గోడకి కడతాను. సూసుకోడానికి.”

ఆయన నన్నడిగిన కోరిక ఇదొక్కటే. డబ్బు మాట ఎత్తలేదు. నేను చూస్తానన్నాను. ఆయన వెళ్లాక కవరు కింది సొరుగులో పడేశాను. దారం విప్పలేదు. విప్పి ఆ పేరు చూడాలనిపించలేదు. మా ఇంట్లో టీవీ పైనున్న కాగితం, వాళ్ల మగ్గం గదిలో కాగితం, రెండూ ఒకటే అయిపోతాయి. పైగా ఆయన కాగితానికి ఆవిడ ఎదురుచూస్తోంది, నా దానికి ఎవరూ లేరు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని మూడు వారాలు గడిపాను.

ఈలోగా ఠాకురాణి యాత్ర వచ్చింది. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు నేతవీధికి వస్తుంది. నెలరోజులు ఊరంతా అక్కడే. వాళ్ల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మగ్గం మీద కొత్త అంచు దిగితే, అలాంటి మొదటి చీరని ముందు అమ్మవారి ముందు పరుస్తారు. ఆడపడుచు చూడకుండా, వీధిలో నలుగురూ చూడకుండా కొత్త సరుకు గడప దాటకూడదు. చూపించకుండా అమ్మితే దొంగసొమ్ము అమ్మినంత తప్పు వాళ్లకి.

పేటెంటు ఆచారం దీనికి సరిగ్గా ఎదురు. దరఖాస్తు పెట్టే ముందు లోకానికి చూపించావంటే అది ఇక కొత్తది కాదు. అందరిదీ అయిపోతుంది. నీకు పేరు రాదు, ఎవరూ లైసెన్సు తీసుకోరు. నేను ఏటా మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే మొదటి పాఠం ఇదే. బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తాను.

ఒక మధ్యాహ్నం తలుపు తట్టాడు. నా తలుపు తట్టి లోపలికి వచ్చేవాడు ఆయనొక్కడే.

“సారూ, పెట్టెని యాత్రలో అమ్మోరి ముందు పెడదామనుకుంటన్నాను. పాతిక పెట్టెలు సేసినాను. వొచ్చినోల్లకి కీ ఇచ్చి సూపిత్తాను. మా ఆడది అంటంది, ముందు సారుని అడిగి రా అని. ఏటీ ఇబ్బంది లేదు గదా?”

బయట ఎవరో పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. నాకు నోటి దాకా వచ్చింది. వద్దండి, ముందు దరఖాస్తు పెడదాం, రేపే పెడదాం. కవరు నా మోకాలి పక్కనే ఉంది. ఒక్క రోజు పని.

“ఇబ్బందేముంది, పెట్టుకోండి. అమ్మవారి దగ్గరే కదా,” అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఎప్పుడూ పెట్టేవాడు కాదు.

యాత్రలో నేనూ చూశాను, జనం మధ్య నుంచి. పసుపు, కుంకుమ, పూలు, మధ్యలో పెట్టె. క్యూలో నిలబడ్డవాళ్లకి కీ ఎలా ఇవ్వాలో చూపిస్తున్నాడు, లోపల బరువు ఎలా కట్టాడో విప్పి చూపిస్తున్నాడు, అడిగినవాళ్లకి బొమ్మ గీసిన కాగితం ఇస్తున్నాడు. మోచేతి మడతలో దూది. పేపరువాళ్లు ఫోటో తీసుకున్నారు. ఒక కుర్రాడు మొత్తం వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. లోపల బరువు కట్టిన తీరుతో సహా.

అప్పుడు ఫోటోలు, వివరాలు పేటెంటు వకీలుకి పంపాను. ఫారం తర్వాత పంపుతానన్నాను. ఫారం దాకా రాలేదు. వారంలోనే వకీలు ఆ పేపరు ఫోటో, ఆ వీడియో వెతికి నాకు పంపి, ఇది ఎప్పుడో బయటపడిపోయింది, దరఖాస్తు వృథా అన్నాడు. హైదరాబాదు ఆవిడ మర్యాదగా ఒక ఉత్తరం రాసి తప్పుకుంది.

డైరెక్టరు గారు ఇద్దర్నీ పిలిచారు. కోపంగా ఉన్నారు. “ఎవరిని అడిగి పెట్టావు అక్కడ?” అన్నారు ఆయన్ని.

ఆయన వేళ్లు రాసుకున్నాడు. ఆ రోజు చాలాసేపు రాసుకున్నాడు.

“సారు వొద్దన్నారండి. నానే ఇన్లేదు,” అన్నాడు.

బయటికొచ్చాక వరండాలో, “ఎందుకలా చెప్పారు?” అని అడిగాను. ఆయన జేబులోంచి కాగితప్పొట్లం తీసి నాలుగు వేరుశనగ గింజలు నా చేతిలో పోశాడు. “అయిపోనాది గదా సారూ. ఇంకేటి మాటలు,” అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ మంచితనం మీద కూడా నాకు మంటగానే ఉండేది. నన్ను తిట్టి ఉంటే నాకు ఒక దారి దొరికేది. పట్టుబడి ఉంటే ఇంకా బాగుండేది. తెలిసే కాపాడాడా, నిజంగానే ఏమీ తెలియని అమాయకుడా? ఇదొక్కటే చాలా ఏళ్లు తిప్పి తిప్పి ఆలోచించాను. అమాయకుడనే తేల్చుకున్నాను. అదే నాకు సుఖం.

పెట్టె మాత్రం ఆగలేదు. ఎవరిదీ కానిది కాబట్టి అందరూ చేసుకున్నారు. రంభ అనే ఊళ్లో ఒక వడ్రంగి చేశాడు, అస్కాలో ప్లాస్టిక్‌తో పోశారు. నేను ఏ ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా బల్ల మూల అది కనిపించేది. ఆయన స్వయంగా చేసినవాటి అడుగున మాత్రం చిన్న చీటీ. రెండు ఫోను నంబర్లు. మొదటిది ఆయనది, రెండోది నాది. చూసిన మొదటిసారి, నన్నడక్కుండా నా నంబరు వేయడానికి ఎంత ధైర్యం అని ఒళ్లు మండింది. కానీ వెళ్లి అడగలేదు. అడిగితే యాత్ర మాట వస్తుందని భయం.

ఉద్యోగం అయిపోయాక కూడా పెట్టెలు బాగుచేయడానికి తిరిగేవాడు. ఈ వానాకాలం గుండెపోటుతో పోయాడు. మగ్గం గదిలోనే.

మొన్న నర్సుకి స్ప్రింగు పంపుతానని మాట ఇచ్చాను. ఏ సైజో తెలియదు. కొలతలు ఎక్కడుంటాయి? కింది సొరుగులో. ఇన్నేళ్ల తర్వాత ఆ కవరు బయటికి తీశాను. ముడి విప్పడం నా వల్ల కాలేదు, కత్తెరతో కోశాను.

కొలతలున్నాయి. స్ప్రింగు, బరువు, చెక్క మందం, అన్నీ. వాటి పైన ఫారం. ఇంగ్లీషు పెద్దక్షరాలు, స్కూలు పిల్లల్లా ఒక్కొక్కటీ నొక్కి రాసినవి. ‘ఆవిష్కర్తలు’ అన్నచోట రెండు పేర్లు. మొదటి పేరు నాది. రెండోది ఆయనది.

పక్కన, ఎవరి వంతు ఏమిటో రాయమని ఒక గడి ఉంటుంది. ఆ ఫారం తయారుచేసింది నేనే, ఆ గడి పెట్టింది నేనే. నా పేరు పక్కన: గాజుగొట్టం సంగతి చెప్పారు, అది లేకపోతే పెట్టె లేదు. ఆయన పేరు పక్కన: చెక్కపని, స్ప్రింగు.

నేను మూడు వారాలు సొరుగులో తొక్కిపెట్టింది నా పేరునే. యాత్రలో పెట్టుకోమని చెప్పి పోగొట్టింది నా పేటెంటునే. అయినా మొదట నాకు తోచినదేమిటో చెబుతాను, దాచను. ఈ విషయంలో కూడా నన్ను మించిపోయాడే అని తోచింది.

నిన్న ఆ కాగితం పట్టుకుని నేతవీధికి వెళ్లాను. ఆయన భార్య గుమ్మం పక్కన రాట్నం దగ్గర కూర్చుని పట్టుదారం కండెలకి చుడుతోంది. లోపల ఒక మగ్గం ఆడుతోంది, ఒకటి ఆగి ఉంది. ఆయన కాగితం కడతానన్న గోడ ఖాళీగా ఉంది. నన్ను చూసి పీట వాల్చింది.

“స్ప్రింగు కోసం వచ్చానమ్మా. అస్కా వైపు ఒక పెట్టె పాడైందట.”

“డబ్బాలో ఉంటాయి సారూ, తెత్తాను,” అని లేవబోయింది.

“ఇదొకటి,” అని కాగితం చూపించాను. “ఆయన రాసింది. ఇప్పుడే దొరికింది.”

“నాకు సదువు రాదు గదా సారూ. ఏటి రాసినాడు?”

చదివాను. పెట్టె కనిపెట్టినవాళ్లు ఇద్దరు అని రాశారమ్మా అని చెప్పి, ఆయన పేరు ముందు చదివాను, నా పేరు తర్వాత చదివాను. ఆ మాత్రం అయినా చేయాలనిపించింది.

ఆవిడ రాట్నం ఆపింది. “అలా కాదు సారూ. మీ పేరే ముందుంటాది. రాసిన రోజు నాకు సెప్పినాడు,” అంది.

ఇక నా వల్ల కాలేదు.

“అమ్మా, యాత్రలో పెట్టకూడదని నాకు తెలుసు. పెడితే ఆయనకి పేరు రాదని తెలుసు. తెలిసే పెట్టుకోమన్నాను.”

అనేశాక తల ఎత్తలేకపోయాను. ఆవిడ మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

“తెల్సు సారూ. మీ ఆఫీసులో మీటింగయిన రోజే ఇంటికొచ్చి సెప్పినాడు. సారుకి నామీద ఏడుపే, ఇన్నాల్లూ నాకు తెల్దే అన్నాడు. ఆ రేత్రి కూడు తిన్లేదు.”

నేను అన్నేళ్లు అమాయకుడని తేల్చుకున్న మనిషి గురించి ఆవిడ చెబుతోంది.

“మరి పెట్టెల అడుగున నా నంబరెందుకు వేశారమ్మా? ఆ మీటింగు తర్వాత చేసినవాటి మీద కూడా ఉంది కదా,” అన్నాను.

“నానూ అడిగినాను. దెబ్బలాడినాను కూడా.” కండె నిండింది. దాన్ని తీసి బుట్టలో వేసింది. “గాజుగొట్టం మాట సారుదే గదే, అది అబద్దం అవదు గదా అన్నాడు.”

లేచి లోపలికెళ్లి రేకుడబ్బా తెచ్చింది. రెండు స్ప్రింగులు ఏరి, కాగితంలో చుట్టి, రాట్నం మీది పట్టుదారం తెంపి దాని చుట్టూ ముడి వేసింది. రెండుసార్లు లాగి చూసింది.

“ఒకటి ఎక్కువేసినాను. బేగి పంపండి సారూ, ఆ పిల్ల ఎదురు సూత్తా ఉంటాది,” అని నా చేతిలో పెట్టింది.